వంటగట్టు సందులోంచి దిగిన నీళ్లు: రెండు నెలల నా అనుభవం

2024 జులై 14, ఆదివారం. మధ్యాహ్నం ముద్దపప్పు వండి, కొత్తావకాయ తీద్దామని సింకు పక్కన కింది అరలో ఉన్న జాడీని బయటికి లాగాను. మూతికి కట్టిన వాసెన గుడ్డ చేతికి తడిగా తగిలింది. విప్పి చూస్తే పైన తేరిన నూనె మీద తెల్లటి బూజు, అక్కడక్కడా పచ్చటి మచ్చలు. మే నెలలో అమ్మ అద్దంకి నుంచి వచ్చి, పదిహేను రోజులు మా ఇంట్లోనే ఉండి పెట్టి వెళ్లిన ఐదు కిలోల ఆవకాయ అది. కాసేపు ఆ జాడీ ముందు అలాగే కూర్చుండిపోయాను.

అర మొత్తం ఖాళీ చేశాక అసలు సంగతి తెలిసింది. వెనకాల ప్లైవుడ్ నల్లబడి, గోరుతో గుచ్చితే తడిసిన అట్టలా లోపలికి దిగిపోతోంది. అడుగు చెక్క ఉబ్బి సన్‌మైకా లేచిపోయింది. కొన్ని వారాలుగా ఆ తలుపు గట్టిగా లాగితే తప్ప రావడం లేదు, వానాకాలం కదా అనుకుని ఊరుకున్నాను. అప్పుడే పట్టించుకుని ఉంటే ఆవకాయైనా దక్కేదని ఇప్పటికీ బాధే.

మాది ఒంగోలులో రెండో అంతస్తు ఫ్లాటు. 2016లో కొన్నాం. గట్టు మీది గ్రానైట్ మేమే చీమకుర్తి వెళ్లి ఎంచుకున్నాం, నల్లరాయిలో బంగారు రజను చల్లినట్టుండే గెలాక్సీ. గట్టు ఎల్ ఆకారంలో ఉంటుంది. పొయ్యి ఉన్న వైపు పది అడుగులు, సింకు ఉన్న వైపు ఆరడుగులు. గోడకి మీగడ రంగు టైల్స్. ఆ టైల్స్ అంచు వచ్చి బండ మీద ఆనే చోట సన్నటి సందు ఉంటుంది చూశారూ, నా బాధంతా ఆ పదహారు అడుగుల సందు గురించే.

ముందు అందరికీ వచ్చే అనుమానమే నాకూ వచ్చింది, సింకు పైపు కారుతోందని. ప్లంబర్ కోసం రెండు రోజులు ఎదురుచూశాక 16న వచ్చాడు. సింకు నిండా నీళ్లు పట్టి వదిలాడు, కింద పైపు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి చూశాడు. చుక్క లేదు. "పైపులు బాగానే ఉన్నాయమ్మా, నీళ్లు గోడ పక్కనుంచి దిగుతున్నట్టున్నాయి" అని మూడొందలు తీసుకుని వెళ్లాడు. ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు. కంటికి కనపడేది వెంట్రుకంత సందు. అంత నీరు అందులోంచి ఎలా దిగుతుంది?

18న నేనే పరీక్ష పెట్టాను. కింది అరలో తెల్ల కాగితాలు పరిచి, చెంబెడు నీళ్లలో బట్టల నీలిమందు కలిపి, గోడవారగా సందు మీద సన్నటి ధారగా పోశాను. సింకు మూల దగ్గర పోసిన పావుగంటకి కింద కాగితం మీద నీలం చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. పొయ్యి వైపు ఏమీ దిగలేదు. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి అనుమానం ఉంటే ప్లంబర్‌ని పిలిచే ముందు ఈ పని చేయండి. ఎక్కడ దిగుతోందో మీ కళ్లతో మీరే చూస్తారు.

ఎనిమిదేళ్లుగా రోజూ రాత్రి గిన్నెలు తోమాక గట్టు మీద రెండు చెంబుల నీళ్లు పోసి, వైపర్‌తో లాగి కడగడం నాకు అలవాటు. మా అమ్మా అంతే, అత్తయ్యా అంతే. ఆ నీళ్లలో సగం ముందు గోడవైపుకే వెళ్తాయి. అంటే ఎనిమిదేళ్లు రోజూ ఆ సందుకి నీళ్లు తాగిస్తూ వచ్చానన్నమాట.

21, ఆదివారం టైల్స్ మేస్త్రి వచ్చాడు. పాత వైట్ సిమెంట్‌ను పైపైన గీకి, కొత్తది కలిపి, వేలితో నింపి, తడిగుడ్డతో తుడిచాడు. రెండు గంటల పని, ఎనిమిది వందలు. ఒకరోజు నీళ్లు తగలనివ్వొద్దన్నాడు. రెండు రోజులు ఆగాను. తెల్లగా, నీటుగా, కొత్తింటి గట్టులా ఉంది. పీడ విరగడైందనుకున్నాను.

సరిగ్గా రెండు వారాలకి, ఆగస్టు 4న, పొయ్యి వెనకాల వెంట్రుకలాంటి గీత కనబడింది. వేలు పెట్టి రాస్తే తెల్లటి పొడి రాలింది. మర్నాటికి సింకు మూలలో కూడా గీత. మేస్త్రికి ఫోన్ చేస్తే "అక్కడ ఎపాక్సీ వేయించాలి మేడం, మూడున్నర వేలవుతుంది" అన్నాడు (రెండు పాళ్లు కలిపి నింపే గట్టి జిగురులాంటిది). మొదట వచ్చినప్పుడే చెప్పి ఉంటే ఇంకోలా ఉండేదేమో, అప్పటికి నమ్మకం పోయింది.

ఇక్కడే నేను తొందరపడ్డాను. ఆగస్టు 16 శుక్రవారం వరలక్ష్మీవ్రతం. పేరంటానికి ఇరవై మంది వస్తారు, వంటగదిలో రోజంతా తడి, కడుగుడు, తోముడు. ఆలోపు ఏదో ఒకటి చేసేయాలన్న టెన్షన్. మావారు హార్డ్‌వేర్ షాపులో అడిగితే వాళ్లు సందులు మూసే రబ్బరులాంటి సిలికాన్ ట్యూబు ఒకటి, దాన్ని నొక్కే గన్ను ఇచ్చారు. ట్యూబు 190, గన్ను 220. 13వ తేదీ రాత్రి వంటయ్యాక, పగిలిన వైట్ సిమెంట్ మీదే పదహారు అడుగులూ సిలికాన్ గీసుకుంటూ పోయాం. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇల్లంతా వెనిగర్ సీసా మూత తీసినట్టు ఘాటైన పులుపు వాసన. అత్తయ్యకి దగ్గు వచ్చి బాల్కనీలో కూర్చున్నారు.

వ్రతం బాగా జరిగింది. గట్టు మీద నీళ్లు పారినా కింద కాగితాలు పొడిగానే ఉన్నాయి. వారం రోజులు నిశ్చింతగా ఉన్నాను. 24న సింకు దగ్గర సిలికాన్ అంచు కాస్త లేచినట్టుంటే గోటితో పట్టి లాగాను. అడుగు పొడవున రబ్బరుదారంలా ఊడి చేతిలోకి వచ్చేసింది. దాని వెనక అంతా తెల్లటి సిమెంట్ పొడి అంటుకుని ఉంది. కింద సందు తడిగా, చెమ్మ వాసనేస్తూ ఉంది. అంటే పైన మూత పెట్టి, తడిని లోపలే బంధించాం. నాకు నిజంగా ఏడుపొచ్చింది. డబ్బు పెద్దగా పోలేదు, కానీ మూడోసారి కూడా మొదటికే రావడం మనసుకి పట్టేసింది.

మర్నాడు ఆదివారం మా తమ్ముడు వచ్చాడు. వాడు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. రాయి సంగతి తెలిసినవాడు ఇంట్లోనే ఉండగా ముందే వాడిని అడగాలని ఎందుకు తట్టలేదో తెలియదు. వాడు ఊడిన ముక్కని వాసన చూసి "ఇది అద్దాలకి వాడే సిలికాన్ అక్కా. ఆరేటప్పుడు దీంట్లోంచి యాసిడ్ వస్తుంది. సిమెంట్‌కి, ఆ యాసిడ్‌కి పడదు, పట్టు నిలవదు. అదే పాలరాయి అయితే రాయి మీదే మచ్చ పడేది" అన్నాడు.

తర్వాత గట్టు మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. కొడుతుండగా నన్ను సందు మీద వేలు పెట్టమన్నాడు. వేలికి సన్నటి అదురు తెలిసింది. "గోడ వేరు, బండ వేరు. పొయ్యి వేడికి బండ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. నువ్వు దీని మీద రోట్లో పచ్చడి నూరతావు, మిక్సీ వేస్తావు. ప్రతిసారీ ఇది కదులుతుంది, గోడ కదలదు. వైట్ సిమెంట్ సాగదు కాబట్టి పగులుతుంది. ఎపాక్సీ కూడా టైల్‌కీ టైల్‌కీ మధ్య బాగుంటుంది గానీ ఈ మూలలో అదీ గట్టిదే. ఇక్కడ సాగేదే కావాలి" అన్నాడు. మేస్త్రి చెప్పని మాట, షాపువాళ్లు చెప్పని మాట ఇదొక్కటే. ఇది జులైలో తెలిసి ఉంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేవి.

వాడు చెప్పినవి రెండు. ట్యూబు మీద 'న్యూట్రల్' అని రాసి ఉన్న సిలికాన్, అంటే ఆరేటప్పుడు యాసిడ్ వదలనిది తేవాలి, రాయికి పనికొస్తుందని కూడా ఉండాలి. లేత రంగు రాళ్లకైతే మరకపడనిది అని ప్రత్యేకంగా చూసుకోవాలట, కొన్ని సిలికాన్లలోంచి నూనెలాంటిది రాయిలోకి ఇంకి అంచున ముదురు చార పడుతుందట. రెండోది, సందులో పాతది ఇసుమంత కూడా మిగలకూడదు, అది పూర్తిగా ఆరాలి.

పాతది తీయడం నేననుకున్న దానికి పదింతల పని. ఆగస్టు 26 నుంచి 30 వరకు ఐదు సాయంత్రాలు, రోజుకి గంటన్నర. మేస్త్రి అయితే కటింగ్ మిషన్ పెట్టేవాడు, కానీ టైల్ అంచు పెచ్చులూడుతుందని భయం. పేపర్ కట్టర్ బ్లేడుతో సిలికాన్ రెండు అంచులూ కోసి లాగాను. విరిగిన హాక్సా బ్లేడు ముక్కకి పిడిలా గుడ్డ చుట్టి, దాంతో లోపలి వైట్ సిమెంట్ గీకాను. లోపలినుంచి ఏమేం వచ్చాయో చెబితే నమ్మరు. నల్లటి జిగురు, బొద్దింక గుడ్ల తిత్తులు, మెంతులు, ఎండి రాయిలా మారిన ఆవగింజలు. ఎన్నేళ్ల పోపులవో అవి. పాత టూత్‌బ్రష్‌తో తోమి, కింది ఫ్లాటు వాళ్ల వాక్యూమ్ క్లీనర్ అడిగి తెచ్చి పీల్పించాను. సందు తెరుచుకున్నాక కొలిస్తే పొయ్యి వైపు మూడు మిల్లీమీటర్లే, సింకు మూలలో మాత్రం పది. ఆ మూలలో గోడ వంకర. కట్టినప్పటి నుంచీ ఆ ఖాళీని వైట్ సిమెంట్‌తో కప్పి ఉంచారంతే.

న్యూట్రల్ సిలికాన్ మా ఊళ్లో నేను తిరిగిన నాలుగు షాపుల్లో తెల్లది ఒకచోట ఉంది గానీ నల్లది లేదు. తెల్లదైతే పసుపు మరక పడుతుందని, నల్లది రాయితో కలిసిపోతుందని 29న ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. రెండు ట్యూబులు 760. నాలుగు రోజుల్లో వస్తుందని చూపించింది. ఆలోపు ఆరిపోతుందిలే అనుకున్నాను.

ఆ నెలాఖరున వానలు పట్టుకున్నాయి. సెప్టెంబర్ 1కల్లా విజయవాడలో బుడమేరు వాగు పొంగి కాలనీల మీద పడింది. సింగ్ నగర్‌లో మా పిన్నివాళ్లు మొదటి అంతస్తులో, కరెంటు లేక, తాగే నీళ్లు లేక రెండు రోజులున్నారు. ఫోన్ కలిసేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. హైదరాబాద్ హైవే మీద రాకపోకలు ఆగాయి, నా పార్శిల్ ఎక్కడో ఆగిపోయింది. దాని గురించి తలుచుకోవడానికి కూడా సిగ్గేసింది ఆ నాలుగు రోజులు.

కానీ చెప్పాల్సిన మాట చెప్పాలి. ఆ ఆలస్యమే నా పని నిలబెట్టింది. ఎందుకంటే నాలుగు రోజుల్లో ఆ సందు ఆరలేదు. తమ్ముడు చెప్పినట్టు రోజూ రాత్రి సందు మీద పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి, పొద్దున్న చూసేదాన్ని. సెప్టెంబర్ 1 పొద్దున లోపలివైపు ముత్యాల్లా నీటి బిందువులు. పైకి చూస్తే రాయి పొడిగానే ఉంది, వేలికి తడి తగలదు. 6న కూడా సింకు మూలలో సన్నటి ఆవిరి పట్టి ఉంది. పగలంతా టేబుల్ ఫ్యాన్ సందువైపు తిప్పి పెట్టాను. ఆ రోజుల్లో సింకు వాడలేదు, గిన్నెలన్నీ బాల్కనీ కొళాయి దగ్గరే. వినాయకచవితికి ఉండ్రాళ్లు, పులిహోర కూడా గట్టు తడవకుండా గుడ్డతో తుడుచుకుంటూనే చేశాను. నడుము నొప్పి వచ్చిన మాట నిజం. 11 పొద్దున మొదటిసారి పాలిథిన్ పూర్తిగా పొడిగా ఉంది. 12న, 13న కూడా అంతే. పార్శిల్ 9నే వచ్చింది. తెరవాలని చేతులు లాగాయి, కానీ ఆగస్టు 13 రాత్రి గుర్తొచ్చి ఆగాను.

సెప్టెంబర్ 15, ఆదివారం చేశాం. ముందురోజే కూరలు కర్రీ పాయింట్‌లో తెచ్చుకుందామని చెప్పేశాను. పొద్దున్నే సిలిండర్ రెగ్యులేటర్ ఆపి, పొయ్యి తీసి హాల్లో పెట్టాం. సెల్‌ఫోన్ రిపేరు షాపులవాళ్లు బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చాను, సీసా 180. దాంతో తెల్లగుడ్డ తడిపి టైల్ అంచు, రాయి అంచు తుడిస్తే, నేను శుభ్రం చేశాననుకున్న చోటే పసుప్పచ్చటి జిడ్డు వచ్చింది. మూడు గుడ్డలు మార్చాక గానీ తెల్లగా రాలేదు. ఎనిమిదేళ్ల పోపు జిడ్డు సబ్బుతో పోదు. ఆ ఆల్కహాల్ మండే సరుకు, కిటికీలు తీసి, మంట లేకుండా చూసుకోవాలి.

సింకు మూలలో పది మిల్లీమీటర్ల ఖాళీ ఉంది కదా, అందులో సన్నటి ఫోము తాడు కుక్కాం. లేకపోతే సిలికాన్ అంతా లోపలికి పడిపోతుంది, పైగా లోతుగా ఉన్న ముద్ద సరిగ్గా ఆరదు. తర్వాత సందుకి పైన టైల్ మీద ఒకటి, కింద రాయి మీద ఒకటి మాస్కింగ్ టేపులు, మధ్యలో ఆరు మిల్లీమీటర్ల దారి, సింకు మూలలో మాత్రం సందుకి తగ్గట్టు ఇంకాస్త వెడల్పు. ఈ టేపులు వేయడానికే గంట పట్టింది. సిలికాన్ నింపడానికి పట్టింది అందులో సగం.

ట్యూబు ముక్కుని ఏటవాలుగా, చాలా తక్కువ కోయాలి. నేను ముందు అట్టముక్క మీద మూడు గీతలు గీసి చెయ్యి కుదుర్చుకున్నాను. మావారు గన్ను నొక్కితే నేను వెనకే వేలితో సాపు చేస్తూ వెళ్లాను. పదహారు అడుగులూ ఒక్కసారి వేయొద్దు. నాలుగేసి అడుగులు వేయడం, సబ్బునీళ్లలో తడిపిన వేలితో ఒక్కసారి లాగడం, వెంటనే టేపు తీయడం. మేం మొదటి నాలుగడుగుల దగ్గర టేపు తీయడం పది నిమిషాలు ఆలస్యం చేశాం. అప్పటికే పైన పొర కట్టి, టేపుతో పాటు అంచు పీచులా లేచింది. ఆ చోటు ఇప్పటికీ కాస్త గరుకుగా ఉంటుంది. మిగతా మూడు ముక్కలూ గీత గీసినట్టు వచ్చాయి. సబ్బునీళ్లు వేలికి తడి అంటేంత చాలు, సందు మీద పడితే పక్కన వేసే సిలికాన్ అంటుకోదు. వాసన ఈసారి దాదాపు లేదు, పెయింట్ లాంటిది కొంచెం. అత్తయ్య వచ్చి పక్కనే కుర్చీ వేసుకుని చూశారు.

ఒక ట్యూబులో కొంచెం మిగిలింది కూడా. రెండోది అనవసరంగా కొన్నాను. పదహారు అడుగులకి, ఆరు మిల్లీమీటర్ల దారికి 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి సరిపోతుంది.

ట్యూబు మీద రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు ఆరుతుందని ఉంది. మేం ఒకరోజు పొయ్యి ముట్టించలేదు, నాలుగు రోజులు నీళ్లు తగలనివ్వలేదు. ఈ నాలుగు రోజులే అన్నింటికంటే కష్టం. ఇంట్లో ప్రతి ఒక్కరూ వెళ్లి వేలితో నొక్కి చూడాలనుకుంటారు. మా బాబు స్కూలు నుంచి రాగానే ఒకసారి నొక్కాడు, ఆ ముద్ర ఉంది.

22న మళ్లీ నీలిమందు నీళ్లు. ఈసారి రెండు చెంబులు, సింకు మూలలో ఐదు నిమిషాలు నిలబెట్టి మరీ. కింద కాగితాల ముందు గంటసేపు స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాగితం తెల్లగానే ఉంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారాక ఒకసారి చూశాను. తెల్లగానే ఉంది. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

ఖర్చు అడిగేవాళ్లు ఉంటారు. ప్లంబర్ 300, వైట్ సిమెంట్ 800, మొదటి సిలికాన్ 190, గన్ను 220, రెండు న్యూట్రల్ ట్యూబులు 760, టేపులు 90, ఆల్కహాల్ 180, ఫోము తాడు 120. మొత్తం 2,660. ఇందులో నిజంగా పనికొచ్చిన ఖర్చు వెయ్యి రూపాయల చిల్లర. పాడైన అర వెనక చెక్క, అడుగు చెక్క మార్చడానికి కార్పెంటర్‌కి 7,800 ఇచ్చాం, అదీ సందు ఆరి, సీలు నిలబడిందని తేలాక అక్టోబర్ రెండో వారంలో. ముందే చెక్క మార్చి ఉంటే అదీ నానేది.

ఇది రాస్తున్నది నవంబర్ మొదటివారంలో. పొయ్యి వైపు, సింకు వైపు ఎక్కడా గీత లేదు, గోటితో లాగినా లేవడం లేదు. గట్టు మీద చెంబులతో నీళ్లు పోయడం మానేశాను, తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డ వేస్తున్నాను. పచ్చడి రోలు కింద మడిచిన గోనెపట్టా వేస్తున్నాను.

ఒక్క చోటే మనసులో ఉంది. కొళాయి వెనకాల చెయ్యి సరిగ్గా పట్టక, అంగుళం మేర సిలికాన్ పల్చగా పడింది. దాని మీద ఇంకో పొర వేద్దామంటే, ఆరిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ పట్టు ఉండదని తమ్ముడు వద్దన్నాడు. ఆ అంగుళం కోసి తీసి, రెండు మూడు రోజులు కొళాయి కట్టేసి ఆరబెట్టి, పాలిథిన్ పెట్టి చూసి మళ్లీ వేయాలి. రెండో ట్యూబు మూత తీయకుండా అలాగే దాచాను. సంక్రాంతి పిండివంటలు మొదలయ్యేలోపు చేసేస్తాను.